పోయిన వస్తువూ - దొరికిన మనిషీ

ఇంట్లో వస్తువొకటి కనిపించకపోతే మనం చేసే మొదటి పని వెతకటం అనుకుంటాం. నిజానికి వెతకటం రెండో పని. మొదటి పని తలచుకోవటం. నిన్న ఎవరొచ్చారు? మొన్న ఎవరొచ్చారు? గ్యాసు కుర్రాడు సిలిండరు పట్టుకుని వంటింటి దాకా వచ్చాడు కదూ? పాలబ్బాయి గుమ్మంలో అంతసేపు ఎందుకు నిలబడ్డట్టు? పనమ్మాయి ఈ మధ్య మొహంలోకి చూసి మాట్లాడటం లేదెందుకని? ఇంకా మంచం కింద చీపురు పెట్టి లాగనైనా లేదు, బీరువాలో చీరల మడతలు విప్పనైనా లేదు, మనసులో మాత్రం ఒక మనిషి తయారై కూర్చుంటాడు. వస్తువు దొరకటానికి రోజులు పడుతుంది. మనిషి దొరకటానికి అయిదు నిమిషాలు చాలు.

నేరాన్ని గురించి చదువుకోవటానికి ఒక శాస్త్రం ఉంది. యూనివర్సిటీల్లో డిగ్రీలిస్తారు, లావుపాటి పుస్తకాలున్నాయి. ఆ డిగ్రీల ఊసు లేకుండా మనం రోజూ ఇళ్ళల్లో చేసేదీ ఆ పనే. పైగా ఆ శాస్త్రం కూడా మొదట్లో మన దారినే నడిచింది. 1876లో ఇటలీలో లాంబ్రోసో అనే డాక్టరు ఒక పుస్తకం రాశాడు. ఖైదీల పుర్రెలూ దవడలూ చెవులూ కొలిచి, కొందరు పుట్టుకతోనే నేరస్థులు, వాళ్ళని ఆకారం చూసి పోల్చుకోవచ్చు అని తేల్చాడు. "వాడి చూపే అదోలా ఉందండీ" అని మా పక్కింటి పిన్నిగారు అనేదీ ఇదే మాట. కాకపోతే ఆవిడ చేతిలో టేపు లేదు. 1913లో ఇంగ్లండులో గోరింగ్ అనే జైలు డాక్టరు సుమారు 3000 మంది ఖైదీల కొలతలు తీసుకుని, జైలు బయటి మనుషుల కొలతల పక్కన పెట్టి చూశాడు. లాంబ్రోసో చెప్పిన నేరస్థుడి ఆకారమంటూ ఒకటి లేదని తేలింది. శాస్త్రం అక్కడితో ఆ మెట్టు దిగింది. పిన్నిగారు దిగలేదు.

మాది కొండపల్లి. ఖిల్లా కింద ఊరు. సంక్రాంతి వస్తే అటకమీది పెట్టె దింపి, పాతచీర గుడ్డల్లోంచి బొమ్మలు ఒక్కొక్కటే తీసి కొలువు పెట్టే ఇళ్ళు ఇప్పటికీ కొన్ని మిగిలాయి. అలాంటి ఒకింట్లో జరిగిన సంగతి చెబుతాను. పేర్లెందుకు లెండి. కొలువు ఎత్తేసిన మర్నాడు ఆ ఇంటి కోడలి ఉంగరం కనిపించలేదు. పుట్టింటివాళ్ళు పెట్టిన మూడు రాళ్ళ ఉంగరం. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా అంట్లు తోముతున్న మనిషి కొండవార పేటలో ఉంటుంది. ఆమెనేం కొట్టలేదు, తిట్టలేదు, పోలీసుల దాకా వెళ్ళలేదు. "చూడమ్మా, పొరపాటున నీ చీర కుచ్చిళ్ళల్లో గానీ..." అని పెద్దావిడ సౌమ్యంగానే అడిగింది. అంత సౌమ్యంగా అడిగితే తట్టుకోవటం ఎంత కష్టమో అడిగించుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆ మనిషి చేతిలో గిన్నె కిందపెట్టి, చేతులు కడుక్కుని, ఆ నెల జీతం కూడా అడక్కుండా వెళ్ళిపోయింది. "చూశారా, తియ్యకపోతే అట్లా వెళ్ళిపోతుందా?" అన్నారు. ఉండి ఉంటే "చూశారా, ఎంత గుండెధైర్యమో" అని ఉండేవాళ్ళు.

మరుసటి సంక్రాంతికి పెట్టె దింపారు. దశావతారాల సెట్టులో వెంకటేశ్వరస్వామి కిరీటానికి ఉంగరం తొడిగి ఉంది. ఆ ఇంటి పిల్లది, అయిదేళ్ళది, స్వామికి నగ పెట్టింది. ఎవరూ చూసుకోకుండా గుడ్డచుట్టి పెట్టెలో పెట్టేశారు. అందరూ నవ్వుకున్నారు. స్వామే దాచిపెట్టాడన్నారు. పాయసం కూడా చేశారనుకుంటాను. కొండవార పేటకి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. ఆ ఏడాదిలో ఆ మనిషికి మా వీధిలో మరో ఇంట పని దొరకలేదు. ఆమెకే కాదు, ఆ పేట నుంచి వచ్చేవాళ్ళెవరికీ దొరకలేదు. "ఆ పేటవాళ్ళతో కాస్త జాగ్రత్త వదినగారూ" అన్న మాట ఉంగరం పోయిననాడు బయల్దేరింది. ఉంగరం దొరికిందన్న కబురు ఆ మాట వెంట పరిగెత్తి దాన్ని అందుకోలేకపోయింది.

ఒక మనిషి చేసిందో లేదో తెలియని పనికి ఒక పేటంతా శిక్ష పడింది. దీన్ని నేను చాలాకాలం మన ఆడవాళ్ళ చిన్నబుద్ధి ఖాతాలో వేసి చూశాను. తర్వాత తెలిసిందేమిటంటే, ఇదే పనిని ఒక ప్రభుత్వం గెజెట్లో అచ్చువేసి, ఎనభై ఏళ్ళపాటు చేసింది.

1871లో ఇంగ్లీషువాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్టని ఒక చట్టం తెచ్చారు. మొదట ఉత్తరాదిలో. 1911లో దాన్ని పెంచి, మన మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక కులాన్నో తెగనో "నేరస్థ జాతి" అని ప్రకటించవచ్చు. ప్రకటించాక ఆ మనుషుల పేర్లు రిజిస్టరులోకి ఎక్కుతాయి. వేలిముద్రలు తీసుకుంటారు. పిలిచినప్పుడు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. అవసరమనుకుంటే మొత్తం అందర్నీ తీసుకువెళ్ళి ఒకచోట నివాసం పెట్టించవచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో ఉంచవచ్చు. ఇంతా చేసి, ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టులోనూ అడగటానికి వీల్లేదు. అంట్లు తోమే మనిషికి మా వీధిలో అప్పీలు లేనట్టే.

ఆ చట్టం చేసేనాడు వినిపించిన వాదన ఏమిటో తెలుసా? ఈ దేశంలో ప్రతి కులానికీ ఒక వృత్తి ఉంటుంది, వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, అట్లాగే దొంగతనం వృత్తిగా ఉన్న కులాలూ ఉంటాయి, వాళ్ళ పిల్లలూ దొంగలే అవుతారు, అది వాళ్ళ ధర్మం - ఇదీ వాదన. మన కులవ్యవస్థని మనకే అప్పజెప్పి, దానిమీద చట్టం కట్టారు. మనవాళ్ళూ తలలూపారు, ఊపరూ మరి!

వృత్తి పుట్టుకతో వస్తుందో రాదో బొమ్మల ఊళ్ళో పుట్టినదాన్ని కనక నేను కాస్త చెప్పగలను. తెల్లపొణికి చెక్క తెచ్చి, ఆరబెట్టి, ఏనుక్కి ఒళ్ళు వేరుగా తొండం వేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, రంగులు వేసేదాకా ఒక్క మెట్టు కూడా పుట్టుకతో రాదు. తండ్రి పక్కన కూర్చుని, వేళ్ళు కోసుకుని, తిట్లు తిని నేర్చుకోవాలి. కూర్చోకపోతే రాదు. ఎంతమంది బొమ్మల వాళ్ళ పిల్లలు ఇవాళ చదువుకుని హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారో, వాళ్ళ చేతికి బాడిసె ఇస్తే ఏం చేస్తారో మా ఊళ్ళో అడగండి. రక్తంలో ఉన్న విద్యయితే ఇంత తేలిగ్గా పోతుందా?

ఇక్కడ ఎరుకలవాళ్ళ సంగతి చెప్పాలి. మన ప్రాంతంలో ఈ చట్టం భారం ఎక్కువగా మోసినవాళ్ళల్లో వాళ్ళొకరు. ఎరుకలంటే మనకి గుర్తొచ్చేదేమిటి? బుట్టలల్లటం, చాపలు, "సోది చెబుతానమ్మా సోది" అంటూ మధ్యాహ్నంపూట వీధిలో వినిపించే గొంతు. మన ఆడవాళ్ళకి ఆ గొంతు కొత్తది కాదు. అరుగుమీద కూర్చోబెట్టి, చేటలో బియ్యం పోసి, చెయ్యి చాపి, పెళ్ళెప్పుడవుతుందో అడిగిన అమ్మమ్మలు లేని ఇల్లుందా? పద్మావతీ కల్యాణం కథలో సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనం వెళతాడు. ఆకాశరాజు భార్య ఆ ఎరుకలసానిని అంతఃపురంలోకి రప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, కూతురి జబ్బేమిటో అడుగుతుంది. కాపలావాళ్ళు కొంగు విప్పి చూపించమన్నట్టు కథలో ఎక్కడా లేదు.

మరి అంతఃపురంలో చనువున్న మనిషి రిజిస్టరులోకి ఎట్లా ఎక్కింది? దానికి ఉప్పుతో సంబంధం ఉందంటే మీరు నమ్మాలి. ఎరుకలవాళ్ళల్లో చాలామంది వర్తకులు. సముద్రతీరంలో ఉప్పు కొని, ఎద్దులమీదా గాడిదలమీదా వేసుకుని, కొండలూ అడవులూ దాటి లోపలి ఊళ్ళకు మోసేవాళ్ళు. అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవాళ్ళు. సంచారం వాళ్ళ బతుకుతెరువు. ఉప్పుమీద ఇంగ్లీషువాళ్ళ పెత్తనం బిగిసింది. రోడ్లొచ్చాయి, రైళ్ళొచ్చాయి. మా ఊరి స్టేషను మీదుగా వెళ్ళే సికింద్రాబాదు-బెజవాడ లైను 1889లో పూర్తయింది. గూడ్సుబండి ఒక్క రాత్రిలో లాక్కుపోయే బరువుకి ఎన్ని వందల గాడిదలు, ఎన్ని రోజులు నడవాలి? ఇప్పటికీ రాత్రిపూట గూడ్సు కూత వినిపిస్తే నాకు ఆ గాడిదలే తలపుకొస్తాయి. బేరం పోయింది. పంచారణ్యాల్లా తిరిగే అడవుల్లోకి రాకుండా అటవీ చట్టాలొచ్చాయి. తిరగటం మాత్రం అలవాటైపోయింది, తిరగక తప్పదు కూడా. నిలకడగా ఒకచోట పొలమో ఇల్లో లేకుండా తిరిగేవాడంటే సర్కారుకి అనుమానం. కొందరు ఆకలికి దొంగతనాలు చేశారు, అది అబద్ధం కాదు. ఆ కొందరిని చూపించి అందరి వేళ్ళకీ సిరా పూశారు.

అప్పుడు వచ్చాయి సెటిల్‌మెంట్లు. కావలి దగ్గర ఒకటి, కర్నూలు వైపు సిద్ధాపురంలో ఒకటి, మన కృష్ణకి అవతలి ఒడ్డున సీతానగరంలో ఒకటి. అన్నిటికన్నా పేరుమోసింది బాపట్లకీ చీరాలకీ నడుమ ఉన్న స్టూవర్టుపురం. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీవాళ్ళు నడపటానికి ఏర్పాటైంది. సర్ హెరాల్డ్ స్టూవర్టని మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు, ఆయన పేరు పెట్టారు. సాల్వేషన్ ఆర్మీకి ఇక్కడ పెద్ద బూత్ టక్కర్. ఒకప్పుడు ఐసీయస్ ఆఫీసరు, ఉద్యోగం వదిలేసి మతసేవలోకి వచ్చాడు. ఆయన ఈ పనికి ఒక పేరు కనిపెట్టాడు, క్రిమినోక్యురాలజీ అని. నేరాన్ని జబ్బులాగా నయం చేసే విద్య అన్నమాట. మంచి ఉద్దేశమే. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, పని చూపించారు, చీరాల పొగాకు కంపెనీకి కూలికి పంపారు. కొరడా కన్నా ఇది మేలు కదా అంటే మేలే.

కానీ ఒక్కటి గమనించండి. వైద్యుడు ముందు జబ్బుందో లేదో చూస్తాడు. ఇక్కడ జబ్బుందో లేదో చూడలేదు. ఇంటిపేరు చూసి మందు పోశారు. జన్మలో ఒకరి చెట్టుకాయ కోయని ముసలమ్మ కూడా హాజరు పలికింది. దయగా చూశారా, క్రూరంగా చూశారా అన్న ప్రశ్న దగ్గర మనం ఆగిపోతాం. ఆ పెద్దావిడ కూడా దయగానే అడిగింది, కుచ్చిళ్ళల్లో గానీ ఉందేమో చూడమని.

వాల్మీకి కథ చిన్నప్పుడు మనందరం విన్నదే. అడవిలో దారికాచి దోచుకునే బోయవాణ్ణి నారదుడు అడుగుతాడు: నువ్వు చేసే పాపంలో నీ పెళ్ళాంబిడ్డలు పంచుకుంటారా అని. వాడు ఇంటికెళ్ళి అడుగుతాడు. మమ్మల్ని పోషించటం నీ బాధ్యత, ఎట్లా తెస్తావో అది నీ ఇష్టం, పాపంలో మాకు వాటా లేదు పొమ్మంటుంది భార్య. ఈ కథ చెప్పినప్పుడల్లా మగవాళ్ళు ఆ భార్యని స్వార్థపరురాలన్నట్టు చెబుతారు. నాకెప్పుడూ ఆవిడ చెప్పింది సబబుగానే తోచింది. తను దారికాచిందా? తను గొడ్డలి ఎత్తిందా? ఎవరు చేసింది వాళ్ళకే చెందుతుందన్న న్యాయసూత్రాన్ని అంత సూటిగా చెప్పిన మనిషి మన కథల్లో మరొకరు లేరు. క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు చేసింది దీనికి సరిగ్గా తిరగబెట్టిన పని. వాటా వద్దన్న భార్యకి బలవంతాన వాటా రాసిచ్చింది. పొత్తిళ్ళలో బిడ్డకి కూడా రాసిచ్చింది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో ఎత్తేశారు. దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న పోయింది. అప్పట్నుంచి వాళ్ళని విముక్త జాతులంటున్నారు. విముక్తి అంత తేలిగ్గా దొరికిందనుకునేరు! రాష్ట్రాలు పాత నేరస్థుల చట్టాలు చేసుకున్నాయి, పోలీసు స్టేషన్ల గోడలమీద పాత పేర్లే కొత్త బోర్డు కింద మిగిలాయి. మన సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1991 ఒక్క ఏడాదిలోనే స్టూవర్టుపురం పేరుతో రెండు సినిమాలొచ్చాయి, ఒకటి పోలీస్ స్టేషన్ అని, ఒకటి దొంగలు అని. ఇంకో ఊరికి ఇట్లా జరిగిందేమో చెప్పండి.

1970లలో హేమలతా లవణం అని ఒకావిడ, కవి జాషువా గారి కూతురు, విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి కోడలు, భర్త లవణం గారితో కలిసి ఆ ఊళ్ళోకి వెళ్ళింది. పోలీసుల్ని వెంటపెట్టుకుని వెళ్ళలేదు. ఇళ్ళల్లో కూర్చుంది, ఆడవాళ్ళతో మాట్లాడింది. పాత పనులు మానుకున్నవాళ్ళకి ఉద్యోగాలూ భూములూ ఇప్పించటానికి ప్రభుత్వం చుట్టూ తిరిగింది. అంటరానితనం అంటే ఏమిటో తండ్రి బతుకులో చూసిన కూతురు కనక పుట్టుకని నేరంగా చూడటం ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ 2008లో పోయారు. మన పత్రికలు సినిమా దొంగలకి ఇచ్చిన చోటులో పదో వంతు ఆవిడకి ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇంత చెబుతుంటే మీలో ఒకరు తప్పకుండా అడుగుతారు. "అయితే దొంగలే లేరంటావా? తలుపులు బార్లా తీసి పడుకోమంటావా?" అని. దొంగలెందుకు లేరు! టైగర్ నాగేశ్వరరావు కట్టుకథ కాదు, 1980లో పోలీసు కాల్పుల్లో చనిపోయేదాకా బతికిన మనిషే. 2021 డిసెంబరులో విజయవాడ చుట్టుపక్కల చెడ్డీ గ్యాంగు భయంతో మేమంతా నిద్రలు మానుకున్నాం, సీసీ కెమెరాల్లో ఆ ఆకారాలు చూసినవాళ్ళకి ఆ భయం బూటకమని నేను చెప్పలేను. భయం ఉండవలసిందే. తలుపు వేసుకోవలసిందే.

కానీ తాళానికీ అనుమానానికీ ఒక తేడా ఉంది చూడండి. తాళం కప్పకి పక్షపాతం లేదు. కలెక్టరుగారొచ్చినా బుట్టలమ్మొచ్చినా అది ఒక్కలాగే ఉంటుంది. నా దగ్గర చెవి లేకపోతే నన్నే లోపలికి రానివ్వదు. అందుకే తాళం చూసి ఎవరూ నొచ్చుకోరు. బీరువాకి తాళం వేసుకుని పనమ్మాయికి కుర్చీ వెయ్యటం సాధ్యమే. మనం చేసేది దానికి అడ్డంగా ఉంటుంది. బీరువా చెవులు దానికే వేలాడుతుంటాయి, నగలు డ్రెస్సింగు బల్లమీద ఉంటాయి, కళ్ళు మాత్రం ఆ పిల్ల చేతులమీద ఉంటాయి. కాపలా పని బీరువాకి అప్పగించకుండా మన మనసుకి అప్పగించాం. మనసుకి అందరూ ఒకటి కాదు మరి.

ఎంత ఒకటి కాదో చూడాలంటే చీటీపాటావిడ సంగతి చాలు. ప్రతి ఊళ్ళోనూ ఒకావిడ ఉంటుంది. పట్టుచీర, పెద్ద బొట్టు, నోటినిండా "అమ్మా, అక్కా". ఇరవైమంది ఆడవాళ్ళు మొగుళ్ళకి చెప్పకుండా దాచుకున్న డబ్బు తీసుకుని ఒకనాడు ఇల్లు ఖాళీ చేస్తుంది. అప్పుడు మన నోట వచ్చే మొదటి మాటేమిటి? "పాపం, ఏం ఇబ్బందులొచ్చాయో! మొగుడి వ్యాపారం దెబ్బతిందట." దొంగ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. మూడు రాళ్ళ ఉంగరానికి లేని జాలి మూడు లక్షలకి ఎక్కణ్ణించి వస్తుంది? ఆవిడ మనలాంటి మనిషి కనక వస్తుంది. ఆవిడ చేసిన పనికి మనం కారణం వెతుకుతాం. పనిమనిషి చేయని పనికి కూడా స్వభావం వెతుకుతాం.

పెద్దపెద్ద చోట్లా ఇంతే. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు 2009 జనవరి 7న తన కంపెనీ లెక్కల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్టు రాశామని తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. 2015లో హైదరాబాదు కోర్టు శిక్ష కూడా వేసింది, తర్వాతి అప్పీళ్ళ సంగతి వేరు. ఆయనది భీమవరం వైపు. ఆ తర్వాత "భీమవరంవాళ్ళతో జాగ్రత్త" అని ఎవరైనా అన్నారా? ఆ ఊరి పిల్లలకి అద్దెకి ఇల్లివ్వం అన్నారా? అనకూడదు కూడా. అనకపోవటమే న్యాయం. ఆ న్యాయం కొండవార పేటకి ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

చట్టం కూడా కొంతవరకూ మన చూపుతోనే చూస్తుంది. మామూలు దొంగతనానికి మూడేళ్ళ దాకా శిక్ష. పనివాళ్ళు యజమాని సొత్తు తీస్తే ఏడేళ్ళ దాకా. పాత శిక్షాస్మృతిలో ఉన్న ఈ తేడా 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయసంహితలోనూ ఉంది. నమ్మకాన్ని వమ్ము చేశారు కనక ఎక్కువ శిక్ష అంటారు. సరే, నమ్మకం మాటే వస్తే మనింటి మాట ఒకటి చెప్పుకుందాం. భార్య నగలు భర్త తాకట్టుపెట్టి విడిపించకపోతే మన పెద్దవాళ్ళు దానికి దొంగతనమని పేరు పెట్టారా? "అవసరానికి వాడుకున్నాడు" అన్నారు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పవలసి వచ్చింది. స్త్రీధనం భార్య సొంతమనీ, భర్తయినా అత్తింటివాళ్ళయినా ఆమెకి ఇవ్వకుండా కాజేస్తే అది నమ్మకద్రోహమనే నేరమేననీ. అప్పటిదాకా ఆ పని జరగలేదా? ప్రతి వీధిలోనూ జరిగింది. పోయిన వస్తువు ఉంది, తీసిన మనిషీ ఉన్నాడు, నేరం మాత్రం లేదు. ఎవరు తీశారన్నదాన్ని బట్టి దానికి పేరు పెట్టటం మనకి ఇంట్లోనే అలవాటైంది.

అలవాట్లు రిజిస్టర్ల నుంచి కూడా అంత త్వరగా పోవు. చట్టం రద్దయి డెబ్బై ఏళ్ళు దాటాక కూడా కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో ఖైదీ కులాన్ని బట్టి పని కేటాయించే రాతలున్నాయి. విముక్త జాతుల్ని పాత నేరస్థుల లెక్కలో చూసే రాతలున్నాయి. సుకన్యా శాంత అనే జర్నలిస్టు వాటిని బయటపెట్టి, సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2024 అక్టోబరు 3న ఆ నిబంధనలు చెల్లవని తీర్పొచ్చింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమన్నారు. ఒక ఆడపిల్ల పాత కాగితాలు ఓపిగ్గా తిరగేస్తే అంత పని జరిగింది. కాగితంమీద గడి కొట్టెయ్యవచ్చు. మన లోపల ఉన్న గడి ఏ కోర్టుకీ కనపడదు.

కొన్నేళ్ళ కిందట ఒంగోలు నుంచి విజయవాడకి పాసింజరులో వస్తున్నాను. స్టూవర్టుపురంలో బండి ఆగింది. ఆ స్టేషను పేరు చూడగానే కాళ్ళ దగ్గరి పెట్టెలు కాస్త లోపలికి జరుపుకోవటం ఆ లైనులో తిరిగేవాళ్ళకి ఇంకా ఉంది. ఒక కాలేజీ పిల్ల ఎక్కింది. చేతిలో రికార్డు పుస్తకం, భుజాన సంచి, రెండు జడల వయసు దాటి ఒంటిజడలోకి వచ్చిన పిల్ల. ఎదుటి సీట్లో ఒదిగి కూర్చుంది. బాపట్లలో ఒక పెద్దావిడ రెండు సంచులతో ఎక్కి ఆ పిల్ల పక్కన చోటు చేసుకుంది. సర్దుకున్నాక మన అలవాటు ప్రకారం అడిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

"బాపట్ల దగ్గరండీ."

"బాపట్ల దగ్గరంటే ఎక్కడ? మాదీ బాపట్లేగా."

ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది. "కొంచెం ఊరి బయటండీ" అంది. ఒక్క క్షణం నా వైపు చూసి, పుస్తకం తెరిచింది.

నిడుబ్రోలు దాటాక పెద్దావిడ లేచింది. "అమ్మాయ్, బాత్రూముకెళ్ళి వస్తా. ఈ సంచీ కాస్త చూస్తుండు తల్లీ, ఇందులో మా మనవరాలి గొలుసుంది. రోజులు బాగాలేవు" అంటూ సంచి ఆ పిల్ల ఒళ్ళో పెట్టి వెళ్ళింది. తిరిగొచ్చి, గాలికి కాసేపటికే నిద్రలోకి జారింది. సంచి అడగటం మర్చిపోయింది.

తెనాలిలో దిగే దాకా ఆ పిల్ల ఆ సంచి మీంచి చెయ్యి తియ్యలేదు.